దవడలో జీడిపప్పు

ఉద్దానం తోటల్లో కూర్మయ్య ఇంటికి మించిన తెలివైన ఇల్లు లేదు. ఎవరన్నారంటారా? కూర్మయ్యే అన్నాడు. ఒక మాట చెబితే చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు మనం తప్ప ఎవరున్నారని తమ్ముడు బైరాగితోనూ పెళ్ళాం జగ్గమ్మతోనూ రోజూ అంటాడు. వాళ్ళిద్దరూ రోజూ తలూపుతారు.

అలాంటి ఇంటికి కష్టమొచ్చింది. కిందటిసారి పాయసంలో జీడిపప్పు లేదని కొత్తల్లుడు లోకనాథం విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఈసారీ లేకపోతే ఇక ఈ గడప తొక్కనన్నాడు. ఆ అల్లుడు ఇవాళ భోజనానికి వస్తున్నాడు. కూతురి కాపురం ఏమైపోతుందోనని కూర్మయ్యకు బెంగ పట్టుకుంది. కాల్చిన జీడిపిక్కలు బుట్టెడున్నాయి కానీ, కొట్టి పప్పు తీసే మనిషి జ్వరంతో పడుకుంది.

పక్కింటి ఎర్రమ్మత్తను సలహా అడిగితే ఆవిడ విసుక్కుంది.

"తోటలో కోతి రాయెట్టి కొట్టి పప్పు తీసుకుంతంది. అదెలా చేస్తే మీరూ అలా చెయ్యండి."

అంతే, ముగ్గురూ తోటకు పరిగెత్తారు. కోతి తన తలకాయంత రాయి ఎత్తింది, అటూ ఇటూ చూసింది, దబ్బున వేసింది, డొక్క గోక్కుంది, పప్పు దవడలో దాచుకుంది. పని కాగానే పరిగెత్తి చెట్టెక్కేసింది.

ఇంటికొచ్చి కూర్మయ్య రాళ్ళన్నీ తన తల పక్కన పెట్టి కొలిచాడు. చివరికి రుబ్బురోలు పొత్రం సరిపోయింది. ఎత్తాడు, అటు చూశాడు, ఇటు చూశాడు, పిక్క వైపు మాత్రం చూడలేదు. ఇంకేముంది, నీళ్ళకుండ పగిలింది. రెండో దెబ్బ బైరాగి బొటనవేలి మీద పడింది. బైరాగి కుయ్యోమంటే, కోతి అరవలేదు కదా అని అన్న కోప్పడ్డాడు. బైరాగి నోరు మూసుకుని డొక్క గోక్కున్నాడు.

ఎలాగో పిక్కలన్నీ పగిలాయి. పప్పు వేయడానికి జగ్గమ్మ పళ్ళెం తెచ్చింది.

"కోతి కాడ పళ్ళెముందేటి?" అన్నాడు కూర్మయ్య.

నిజమే కదా అని ఆవిడ సిగ్గుపడింది. ముగ్గురూ పప్పంతా దవడల్లో కుక్కుకున్నారు.

అప్పుడే అల్లుడొచ్చాడు. రమ్మనేవాళ్ళు లేరు, కూర్చోమనేవాళ్ళు లేరు. బుగ్గలు ఉబ్బించుకుని ముగ్గురూ డొక్కలు గోక్కుంటున్నారు. వీళ్ళు తన మీద అలిగారనుకుని పాపం లోకనాథం మెత్తబడ్డాడు. కిందటిసారి తప్పు తనదేనని, జీడిపప్పు లేకపోయినా తింటానని వసారాలో విస్తరి ముందు కూర్చున్నాడు.

లేదనుకుంటున్నాడు పిచ్చినాయన అని కూర్మయ్య జాలిపడ్డాడు. జగ్గమ్మ పాయసం వడ్డించగానే ముగ్గురూ వరసగా వంగి, బుగ్గలు నొక్కుకుని, పప్పంతా అల్లుడి విస్తట్లో వేసేశారు.

లోకనాథం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్క దూకులో వీధిలో పడ్డాడు. కూతురి కాపురం కూలిపోయిందని జగ్గమ్మ ఏడుపు అందుకుంది.

"ఏడవకే. కోతి కూడా పనయ్యాక ఇలాగే పరిగెట్టి చెట్టెక్కింది. అల్లుడికి మనింటి తెలివి అబ్బింది," అన్నాడు కూర్మయ్య.

అంతే, ముగ్గురూ తోటలోకి పరిగెత్తి తలో జీడిచెట్టూ ఎక్కారు. అల్లుడు ఏ కొమ్మ మీదున్నాడో అని వెతుకుతుంటే, కూర్మయ్య చూపు ఇంటి వసారా మీద పడింది. విస్తరి ముందు కోతి కూర్చుని, రెండు చేతులా పాయసం లాగిస్తోంది. పప్పు ఏరి ఏరి దవడలో పెట్టుకుంటోంది.

కూర్మయ్య కళ్ళు చెమర్చాయి.

"చప్పుడు చెయ్యకండి. అల్లుడు అలక మానీసి తింతన్నాడు."