ఎండను దోసిలి పట్టిన ఆల్చిప్ప

ఒకప్పుడు ఆల్చిప్పకి లోపలా బయటా ఒకటే రూపం. రెండు వైపులా గరుకే, రెండు వైపులా బురద రంగే. సముద్రపు ఒడ్డున అది ఎవరి కంటికీ ఆనేది కాదు. పాపం, లోలోపల తెగ ఉడుక్కునేది.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చింది. కొండ మీది బండ ఒకటి దొర్లుకుంటూ వచ్చి, తాబేలమ్మ గుడ్లు పెట్టిన ఇసక మీదికి చూరులా వంగి నిలబడింది. ఇంకేముంది, గుడ్లకి ఎండ తగలడం ఆగిపోయింది.

తాబేలమ్మ గొల్లుమంది. "మూడు రోజుల్లో వెచ్చదనం తగలకపోతే నా పిల్లలు గుడ్లలోనే పోతారు! ఎండమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను, కాస్త వంగి లోపలికి రావే!"

"నాకు వంగడం రాదు తల్లీ. తిన్నగా పోవడమే తెలుసు. ఎవరైనా ఎదురు నిలిచి నన్ను అటు మళ్ళిస్తే ఎగిరి వస్తాను," అంది ఎండ.

బండ ముందున్న నీటిమడుగు "నేనున్నాగా!" అంది. దాని ఒళ్ళు చదును. తాబేలమ్మ మొహం ఎంతుందో అంతే చూపించింది. ఎండనీ ఏ వాలున వస్తే ఆ వాలునే తిప్పి పంపింది. ఆ వెలుగు పోయి పైన బండ చూరుకి తగిలింది. కింద గుడ్లు నీడలోనే ఉండిపోయాయి.

తడిసి మెరుస్తున్న గుండ్రాయి "జరగండి, నేను చూస్తా!" అంది. దాని ఉబ్బెత్తు వీపు మీద తాబేలమ్మ మొహం రేగిపండంత కనిపించింది. ఎండేమో దాని మీద పడి తలో దిక్కుకీ చెల్లాచెదురైపోయింది.

ఇదంతా చూస్తున్న ఆల్చిప్ప ముందుకి జరిగింది. "ఉబ్బు ఎండని చెదరగొడితే, గుంట పోగుచెయ్యదా? నేను గుంటగానే ఉన్నానుగా!" అనుకుంది. ఎండకి ఎదురుగా నిలబడింది. ఏం లాభం? దాని ఒంటి మీది ఒక్కో గరుకూ ఎండని ఒక్కో వైపు విసిరేసింది.

పక్కనున్న పీత పకపకా నవ్వింది.

"నవ్వింది చాల్లే బావా. ఇసక తెచ్చి నా లోపలంతా తోము," అంది ఆల్చిప్ప.

"ఒళ్ళు ఊడిపోతుందే మరదలా!"

"ఊడనీ. అక్కడ పిల్లలు పోతున్నారు."

పీత నవ్వు ఆగిపోయింది. రెండు రోజులపాటు అంట్లు తోమినట్టు తోమింది. ఆల్చిప్ప ఏడ్చింది, కేకలు పెట్టింది. ఆపమని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

మూడో రోజు పొద్దెక్కింది. పీత ఆల్చిప్పని ఎత్తి, గుడ్ల వైపు వంచి పట్టుకుంది. ఎండ వచ్చి ఆ నున్నటి గుంటలో పడింది. పడ్డదంతా ఒక్కచోటికి పోగై నీడలోకి దూసుకుపోయింది! అక్కడి ఎండుగడ్డిలోంచి గుప్పున పొగ లేచింది.

"అమ్మో, నా పిల్లల్ని ఉడకబెడతారా ఏంటి? వెనక్కి జరగండి!" అని అరిచింది తాబేలమ్మ. పీత రెండడుగులు వెనక్కి వేసింది. ఇసక హాయిగా వెచ్చబడింది. ఆనందం పట్టలేక తాబేలమ్మ భోరున ఏడ్చేసింది.

ఆ రోజు మొదలు పీతా ఆల్చిప్పా సూర్యుడితో పాటే తిరిగాయి. నెల తిరిగేసరికి గుడ్లు టపటపా పగిలాయి. ముందుగా బయటికొచ్చిన పిల్ల అలల హోరు విని హడలిపోయింది. దూరం నుంచి ఆల్చిప్పలోకి తొంగి చూస్తే తను తలకిందులుగా కనిపించింది. "అయ్యో, నేను బోర్లాపడ్డానా!" అంటూ దగ్గరికొచ్చి, చిప్పలో మూతి పెట్టింది. ఇంకేం, ఇంతలేసి కళ్ళు, ఇంత పెద్ద మొహం!

"అబ్బో, ఇంతదాన్నా నేను!" అని మెడ నిక్కించి, చకచకా సముద్రంలోకి నడిచింది. దాని వెనకే వందమంది తోబుట్టువులూ బారులు తీరి వెళ్ళారు. మడుగూ, గుండ్రాయీ, పీతా జేజేలు కొట్టాయి.

ఎండ ఆల్చిప్పని వదిలి వెళ్ళలేకపోయింది. అప్పటినుంచే ఆల్చిప్పకి బయట పాత గరుకు అలాగే ఉన్నా, లోపల మాత్రం ఎండ తళతళమంటూ కాపురముంటోంది.