పుట్టింటి సందు

ఈ కథను నేను తొలిసారి విన్నది కొండమీద సంతలో. కోళ్ల బుట్టతో వచ్చిన బుద్రమ్మ అనే వృద్ధురాలు, బస్సు ఎంతకీ రాని ఒక మధ్యాహ్నం, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పింది. ఆమె తన అత్తగారి నోట విన్నదట. తరువాత మరి రెండు గ్రామాల్లోనూ విన్నాను. ఊరి పేరు మారింది గాని కథ మారలేదు.

కొండకు బండిదారి పడని కాలం. అంతకంటే వెనుకటి కాలం. ఎండ కాసే పల్లం నుంచి మంచు కురిసే మెట్టకు సొంబారి అనే పిల్ల కోడలై వచ్చింది. తల్లి ఆమె చంకలో ఒక ఎర్ర పెట్టను పెట్టి పంపింది.

అప్పట్లో ఒక కట్టుబాటు ఉండేది. తల్లి ఇచ్చిన పెట్ట తానే పొదిగిన పిల్లల్లో ఒక పుంజును పెంచి, దానిని చేతబట్టుకొని, చలి దాటాక కూతురు తొలిసారి పుట్టింటి గడప తొక్కాలి. తానిచ్చినది అక్కడ కలిసివచ్చిందని తల్లికి తెలియాలి. ఉత్త చేతులతో వెళ్లకూడదు.

పెట్ట పిల్లలను లేపింది. చలి వచ్చింది. అత్త లైకోను మంచి మనిషి. పగిలిన చేతులతోనే కోళ్ల తడికగూటి సందులన్నీ మట్టితో మెత్తింది.

"ఎచ్చగుంటే బతుకుతాయే," అంది.

పుంజుపిల్లల తురాయిలు నల్లబడ్డాయి. ముక్కులు కారాయి. చచ్చిపోయాయి. సొంబారి పుట్టింటికి వెళ్లలేదు.

రెండవ చలికి అత్త మట్టిమీద గడ్డి కప్పింది. "ఎచ్చగుంటే బతుకుతాయే," అంది. పుంజుపిల్లలు చచ్చిపోయాయి. సొంబారి వెళ్లలేదు.

మూడవ చలికి గడ్డిమీద తన సొంత గొంగళి కప్పింది. "ఎచ్చగుంటే బతుకుతాయే," అంది. ఈసారి ఒక్క పుంజుపిల్ల మిగిలింది. అదీ గురగురమంటోంది. పెట్టకు వయసు మళ్లింది, ఇక పొదగదు. ఈ పిల్ల పోతే సొంబారికి పుట్టింటి దారి లేదు.

ఆమె రాత్రిళ్లు దుప్పటి నిండా ముసుగుపెట్టుకొని ఏడ్చేది. ఒక ఉదయం మగడు దొన్ను ఆ దుప్పటిని ఎండలో వేస్తూ ఎగతాళి చేశాడు.

"ఓలమ్మా! ఇది దుప్పటా, వాగా? ఎన్ని కన్నీళ్లే నీకు?"

"నిన్న ఏడవనేదు. నిద్దరోనాను."

"మరి ఈ తడెక్కడిదే?"

ఆమె దుప్పటిని తడిమింది. నోటి దగ్గరే తడిసింది. గూటి దగ్గరికి పరుగెత్తి చేయి లోపల పెట్టింది. బయట చినుకు లేదు. లోపల కప్పు నుంచి చుక్కలు రాలుతున్నాయి.

"అత్తా! సలి కాదు. ఈటి ఊపిరే ఈటిని తడిపి సంపుతోంది!"

గొంగళి తీసింది, గడ్డి తీసింది. కప్పు కింద రెండువైపులా బెత్తెడు మేర మట్టి రాల్చింది. కోళ్లు కూర్చునే కర్రకు బాగా పైన. గాలి తలల మీదుగా పోవాలి, ఒంటికి తగలకూడదు. కింది సందులు మూసే ఉంచింది. అడుగున తడిసిపోయినదంతా ఎత్తిపోసి ఎండిన రాగిగడ్డి, వాళ్ల మాటలో చోడిగడ్డి, పరిచింది.

"ఓసి గుంటా! మూడేళ్లు నాను మూస్తే నువ్వు తెరుస్తావా? సచ్చిపోతే నన్ననకు!"

"ఎవర్నీ అననత్తా. పుట్టింటికెల్తానని అడగడం మానేస్తాను."

మంచు కురిసింది. అత్త ఉదయమే వెళ్లి కప్పు తడిమింది. మరునాడూ తడిమింది. మూడవనాడు, "పొడిగుందే," అని లోపలికి వెళ్లిపోయింది. పుంజు బతికింది.

చలి దాటగానే సొంబారి పల్లానికి దిగింది. తల్లికి అప్పటికే చూపు పోయింది. వాకిట్లో కూర్చున్న ఆమె ఒడిలో సొంబారి పుంజును పెట్టింది. తల్లి రెక్కల కింద తడిమింది.

"ఇది నా పెట్ట బిడ్డే. ఎవరమ్మా తెచ్చేవు?"

"నానేనమ్మా."

ముసలామె పుంజును వదిలేసి కూతురి చేతులు పట్టుకుంది.

"ఎంత నిదానంగా పెరిగిందే తల్లీ, ఈ పుంజు!"

ఆ వానలకు ముందే తల్లి కన్నుమూసింది. పుంజు ఆ వాకిట్లోనే ముసలిదైంది. అత్త లైకోను బతికినన్నాళ్లూ, చలికి ముందు, కొత్త కోడలు వచ్చిన ప్రతి ఇంటికీ వెళ్లి తన చేత్తోనే గూటి మట్టి రాల్చింది. దొన్ను భార్యకంటే ముందే పోయాడు. సొంబారి ముగ్గురు కూతుళ్లను దూరపు కొండలకు ఇచ్చింది. ముగ్గురూ తొలి చలి దాటగానే పుంజులతో వచ్చారు. తనకు మాత్రం వెళ్లడానికి పల్లంలో ఎవరూ మిగలలేదు. అయినా ఏటా ఒక ఎర్ర పుంజును పెంచి, చలి దాటాక దానిని పట్టుకొని దారి మొదట కాసేపు నిలబడేదట.

ఆ కొండల్లో గూటికి మట్టి మెత్తేటప్పుడు ఇప్పటికీ పైన బెత్తెడు వదులుతారు. దాని పేరు పుట్టింటి సందు. పని ముగిశాక అత్త కోడలిని అడుగుతుంది:

"సందు ఒదిలేవా?"

"ఒదిలేనత్తా."

"అయితే ఎల్దువులే."