నక్క కాసిన గోలు

అడవిలో ప్రశాంతంగా ఉంటుందని చెప్పేవాళ్లను ఒక్క పూట బ్రెజిల్‌లోని ఆ పెద్ద నది ఒడ్డున, ఆ ఇసుకతిన్నె మీద కూర్చోబెట్టాలి. మళ్లీ జన్మలో ఆ మాట అనరు.

ఎండలు ముదిరి నది తగ్గగానే అక్కడ తెల్లటి ఇసుక బయటపడుతుంది. ఇక అంతే, ఎక్కడెక్కడి జంతువులూ ఫుట్‌బాల్ ఆడటానికి దిగిపోతాయి. రబ్బరు చెట్టు పాలు ఎండబెట్టి ఉండలా చుట్టిన బంతి ఒకటి ఉంది వాళ్లకి. ఆ దేశంలో బంతి కనిపిస్తే కడుపు నిండినవాడూ ఆగడు, ఆకలితో ఉన్నవాడూ ఆగడు. ఆడేవాళ్లు గుప్పెడు, అరిచేవాళ్లు అడవంత. అందులో ఎర్రకోతి ఒకటి ఉంది, అది నోరు విప్పితే నది అవతలి ఒడ్డున పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు.

సరిగ్గా ఆ తిన్నె పైభాగంలోనే తాబేలమ్మ గుడ్లు పెట్టింది. గుడ్లు పెట్టి తన దారిన తను పోయే రకం కాదు ఆవిడ. ఆ జాతి తాబేలు పిల్లలు బయటికొచ్చే ముందు ఇసుక లోపలినుంచే సన్నగా పిలుస్తాయి. ఆ పిలుపు విని తల్లి ఒడ్డుకు రావాలి, వాటిని వెంటబెట్టుకుని లోతు నీళ్లలోకి తీసుకుపోవాలి. వినపడకపోతే పిల్లలు వాటంతట అవే బయల్దేరతాయి, కొంగలూ మొసళ్లూ పంచుకుంటాయి. పోయిన ఏడాది అదే జరిగింది. ఈ గోలలో ఆవిడకు పిలుపు వినపడలేదు, ఒక్క పిల్ల కూడా మిగల్లేదు.

అందుకని ఈసారి ముందే వెళ్లి అడిగింది. “నాయనలారా, కాస్త మెల్లగా ఆడుకోండి. నా పిల్లలు పిలిస్తే నాకు వినపడాలి.”

“మెల్లగా ఆడితే అది ఫుట్‌బాల్ ఎలా అవుతుంది అత్తా?” అంది కోతి.

“సరే, ఎలాగైనా ఆడండి. అరవకండి చాలు.”

“మరి గోలు పడితే?”

“పడితే పడనీ.”

కోతి ఆవిడ వైపు జాలిగా చూసింది. “అత్తకి వడదెబ్బ తగిలినట్టుంది,” అని పక్కవాళ్లతో చెప్పి ఆటలోకి ఉరికింది.

తాబేలమ్మ కాపిబారా దగ్గరికి వెళ్లింది. కాపిబారా అంటే ఆ దేశపు ఎలుక, పందంత ఉంటుంది. వీపు మీద పిట్టలు కూర్చున్నా కోతిపిల్లలు కూర్చున్నా ఏమీ అనదు. అందరికీ దాని మాటంటే గౌరవం, ఎందుకంటే అది మాట్లాడదు.

“పెద్దవాడివి, నువ్వైనా చెప్పు మరిదీ.”

“చెబుతాను వదినా.”

“ఎప్పుడు?”

“ఈ ఆట అవనీ.”

ఆ ఆట అయితే కదా. ఒకటి ముగిసేలోపే దాని మీద తగాదా, తగాదా తీరడానికి ఇంకో ఆట. తాబేలమ్మ అడిగి అడిగి విసిగిపోయింది. వినని వాళ్లకు చెప్పడం కంటే ఇసుక మోయడం తేలిక.

అప్పుడొచ్చింది నక్క.

“అక్కయ్యా, నీ అవస్థ చూస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది. తల్లి అంటే లెక్కలేదు ఈ వెధవలకి. నాకు వదిలెయ్.”

ఇన్నాళ్లకు తన బాధ విన్న ప్రాణి ఒకటి కనిపించేసరికి తాబేలమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నక్క పడిపోయిన మాను ఒకటి ఎక్కి అందర్నీ దులిపేసింది. “సిగ్గుండాలి మీకు. ఈ పిల్లల కోసం నేను ప్రాణమైనా ఇస్తాను. మీరు ఒక్క బంతిని వదులుకోలేరా?”

జంతువులు చెడ్డవి కావు, చెవులు లేనివి, అంతే. తలలు దించుకుని, బంతి చంకన పెట్టుకుని వెళ్లిపోయాయి.

తిన్నె మీద గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. “నువ్వు నీళ్లలోకి వెళ్లి రెండు ఆకులు తిని, ఒక కునుకు తీసి రా అక్కయ్యా. నేనిక్కడే కాపలా ఉంటాను,” అంది నక్క. తాబేలమ్మ నీళ్లలోకి దిగి హాయిగా కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆ నిశ్శబ్దంలో ఆవిడకు ఒక చప్పుడు వినిపించింది. పిల్లల పిలుపు కాదు. ఇసుక తోడుతున్న చప్పుడు.

ఒళ్లు ఈడ్చుకుంటూ పైకి వచ్చి చూస్తే గుడ్లు పూడ్చిన గుంట ఒక పక్క తవ్వి ఉంది. చుట్టూ పెంకులు.

“గుడ్లకి గాలి ఆడటం లేదేమోనని చూశాను అక్కయ్యా,” అంది నక్క.

“ఈ పెంకులేమిటి?”

“ఎవరో వచ్చి తిన్నారు. తరిమేశాను.”

“నీ మీసాలకి ఆ పసుపేమిటి?”

“తరిమేటప్పుడు అంటుకుంది.”

తాబేలమ్మ గుండె మండిపోయింది. కానీ పరిగెత్తే నక్కతో పోట్లాడే ఒళ్లు కాదు ఆవిడది. గోల ఉన్నన్నాళ్లూ ఈ నక్క ఇసుక మీద కాలు పెట్టలేదని ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది. ఎవరి నోళ్లు తన గుడ్లకు కంచెగా ఉన్నాయో, ఆ నోళ్లనే తను పట్టుబట్టి మూయించింది.

“పాపం, ఎంత శ్రమపడ్డావు తమ్ముడూ,” అంది. అని, వెళ్లి ఆ గుంట మీదే కూర్చుంది. ఎండకు డిప్ప కాలిపోతున్నా కదలకుండా, నీళ్ల ఒడ్డున ఉన్న కాపిబారాను కేకేసి అందర్నీ పిలవమంది.

అందరూ మూతులు ముడుచుకుని వచ్చారు. “నువ్వే కదత్తా వద్దన్నావు,” అంది కోతి.

“అన్నాను. బుద్ధి తక్కువై అన్నాను. ఆడండి.”

“అరవొచ్చా?”

“అరవండి.”

“ఇప్పుడు మాకు మనసు లేదు.”

చూశారా వీళ్ల వరస. వద్దంటే ఆగరు, ఆడమంటే అలుగుతారు. తాబేలమ్మ పళ్లు లేని నోటితోనే పళ్లు కొరుక్కుంది.

“గోలు ఇక్కడ పెట్టుకోండి, నా గుడ్లకి కాస్త ఇవతల. మీకు గోల్‌కీపరును కూడా ఇస్తాను.”

అందరి చెవులూ లేచాయి. ఆ తిన్నె మీద గోలు కొడతానననివాడు లేడు, గోలు కాస్తానన్నవాడు ఎన్నడూ దొరకలేదు.

“నక్క తమ్ముడు ఈ పిల్లల కోసం ప్రాణమైనా ఇస్తానని మీ అందరి ముందూ అన్నాడు. బంతి వచ్చి గుడ్ల మీద పడకుండా ఆపడానికి అతనికన్నా ఎవరు కావాలి?”

“నాకు కాలు నొప్పి అక్కయ్యా,” అంది నక్క.

“కీపరుకి చేతులు చాలు,” అంది కాపిబారా. ఆ ఏడాదికి అది మాట్లాడిన పెద్ద మాట అదే. నక్క కూడా మరీ గింజుకోలేదు. గుడ్ల పక్కనే ఉండొచ్చు కదా అని దాని ఆశ.

ఉంది, పక్కనే ఉంది. కానీ వేల కళ్లు దాని మీదే. కాస్త వెనక్కి తిరిగితే “ముందుకు చూడు” అని అడవంతా అరిచేది. వచ్చిన బంతి వచ్చినట్టు ముక్కు మీద, చెవి మీద, పొట్ట మీద తగిలేది. ఆకలి తీరకపోగా మూతి వాచింది.

ఆ దేశంలో అడవి మొత్తం నోరు మూసుకునే సమయం ఒక్కటే ఉంది, ఎవరైనా పెనాల్టీ కొట్టేటప్పుడు. ఒక సాయంత్రం కోతి గోలు ఎదురుగా బంతి పెట్టి వెనక్కి నడిచింది. పిట్ట కూడా రెక్క విదల్చలేదు. సరిగ్గా అప్పుడు ఇసుకలోంచి సన్నగా పిలుపు.

లోతు తక్కువ నీళ్లలో ఉన్న తాబేలమ్మకు అది వినపడింది. గోలులో ఉన్న నక్కకూ వినపడింది. నోట్లో నీళ్లూరి, ఉండబట్టలేక వెనక్కి తిరిగి చూసింది. బంతి దాని పక్కనుంచి వెళ్లి గోలులో పడింది.

అప్పుడు లేచిన కేకలకు కొంగలన్నీ అడవి దాటి ఎగిరిపోయాయి, మొసళ్లు నీటి అడుక్కి దిగాయి. ఆ సందట్లోనే తాబేలమ్మ పైకి వచ్చి, మిగిలిన పిల్లలన్నిటినీ వెంటబెట్టుకుని నదిలోకి నడిచింది. కాపిబారా లేచి దారి ఇచ్చింది.

నక్కను మాత్రం దాని జట్టువాళ్లే నది మలుపు దాకా తరిమారు. గుడ్లు తిన్న సంగతి చెబితే నాలుగు రోజుల్లో మర్చిపోయేవాళ్లే. పెనాల్టీ అప్పుడు వెనక్కి చూసిందన్నది మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు, ఆ ఇసుక మీద దాన్ని కాలు పెట్టనివ్వడం లేదు.

మన నిద్ర చెడగొట్టేవాళ్లందరూ పగవాళ్లు కారు, మనం కళ్లు మూసుకోవాలని కోరేవాళ్లందరూ అయినవాళ్లు కారు.