కోడల్ని పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు

మా ఊళ్ళో తెలివైన ఇల్లు ఏదని ఎవర్నడిగినా నోరు మెదపరు. ఏకాశి ఇంట్లోవాళ్ళు మాత్రం అడక్కుండానే చెప్పేస్తారు, తమదేనని. "చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అంతకంటే తెలివేముంటుంది?" అని ఏకాశి మీసం దువ్వుతాడు. పెళ్ళాం బంగారి తలూపుతుంది. అమ్మ ఊపింది కదాని కొడుకు కొండబాబూ ఊపుతాడు.

ఈ తెలివికి ఆడపిల్లలవాళ్ళు దడిసిపోబట్టే కొండబాబుకి మూడు సంబంధాలు తప్పిపోయాయి. నాలుగోది ఎలాగో కుదిరింది. పిల్ల పేరు వరహాలు. పెళ్ళి మగపెళ్ళివారింట్లోనే. పెళ్ళినాడు పొద్దున్నే పిల్ల తండ్రి సత్తెయ్య వచ్చి పందిరి చూశాడు.

"ఒక్క పువ్వైనా లేదేంటి బావగారూ?"

"మల్లెలు కట్టిద్దామని!"

"మాఘమాసంలో మల్లెలా! బజార్లో మల్లెలు మండిపోతున్నాయి. బంతిపూలు తెండి, ఈ కాలంలో చవక. ముహూర్తానికి పందిరి నిండా పూలుండాలి. లేకపోతే పిల్లని వెనక్కి తీసుకుపోతా, ముందే చెప్తున్నా."

అంతే! ఏకాశి పెళ్ళాన్ని కేకేశాడు. "మల్లెలు మండిపోతున్నాయటే! బిందె అందుకో!"

ఇంకేముంది, ముగ్గురూ మూడు బిందెలతో బజారుకి పరిగెత్తి, పూలమ్మే ముసలమ్మ మల్లెగంపల మీద నీళ్ళు కుమ్మరించారు. కాసిని ముసలమ్మ మీద కూడా.

"ఓరి మీ దుంపతెగ!"

"ఆరిపోయాయి పిన్నీ, ఇంక భయం లేదు" అని కొండబాబు ధైర్యం చెప్పాడు. "బంతిపూలున్నాయా?"

"ఇదిగో గంప, తీసుకుపోండి! మళ్ళీ మీ మొహాలు చూపించకండి!"

సరేనని ముగ్గురూ మొహాలకి బిందెలు బోర్లించుకుని ఇంటిదారి పట్టారు. దారిలో రెండు గేదెల్ని "కాస్త తప్పుకోండి బాబూ" అని మర్యాదగా అడిగారు కూడా.

ఇంటికొచ్చేసరికి ఆడపెళ్ళివారు మొదటి బంతి భోజనానికి కూర్చున్నారు. బంగారి మొహం వెలిగిపోయింది. "బంతిపూలంటే బంతికే కదయ్యా!"

అంతే, విస్తరి విస్తరికీ దోసెడు పూలు వడ్డించుకుంటూ పోయారు. "మారు అడగండి, మొహమాటపడకండి!" కళ్ళు సరిగా ఆనని తాతొకాయన పచ్చగా ఉంటే పులిహోరేననుకుని రెండు ముద్దలు తిని, "ఉప్పు తగ్గిందమ్మా" అన్నాడు.

సత్తెయ్య విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. "పందిరికి తెమ్మంటే విస్తట్లో వేస్తారా! మేళం ఆపండి! వరహాలూ, పద ఇంటికి!"

కొండబాబు బావురుమన్నాడు. "ఈ పిల్ల కూడా వెళ్ళిపోతే నాకింకెవరిస్తారు మావయ్యా!"

"ఏడవకురా" అన్నాడు ఏకాశి. "పందిరి నిండా పూలుండాలి, అంతేగా? రండి!"

అందర్నీ పెరట్లోకి లాక్కుపోయాడు. అక్కడ చిక్కుడు పందిరి, నిండా ఊదారంగు పూలు! పందిరి నడుమెత్తే ఉంది. అయితేనేం, పీటలు దాని కిందికి తోశారు. పంతులుగారు పంచె ఎగ్గట్టి పాక్కుంటూ లోపలికెళ్ళి, "గోవిందా, నా నడుం!" అన్నాడు. అదీ మంత్రమే అనుకుని కొండబాబు "గోవిందా, నా నడుం" అని భక్తిగా అప్పజెప్పాడు.

వరహాలు పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "నన్నింత నవ్వించేవాళ్ళు ఇంకెక్కడ దొరుకుతారు నాన్నా? కట్టనీ తాళి" అంది. కూతురు అంతగా నవ్వడం చూశాక సత్తెయ్య కోపం కాస్తా నీరుగారిపోయింది.

అప్పగింతల్లో మాత్రం ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "తల్లి లేని పిల్ల బావగారూ. పువ్వుల్లో పెట్టి చూసుకోండి."

ఏకాశి ఆయన చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

మర్నాడు పొద్దున్న ఊరికి బయల్దేరబోతూ, కూతురికి ఓమాట చెప్పి వెళ్దామని సత్తెయ్య విడిదింటి నుంచి వచ్చాడు. వాకిట్లో పేద్ద గంప. అందులో నిన్నటి బంతిపూలు. ఆ పూలల్లో మెడదాకా వరహాలు, నెత్తిన పూలగంప మీద కప్పినట్టు తడిగోనె. ఎదురుగా ఏకాశి, బంగారి, కొండబాబు గడ్డాల కింద చేతులు పెట్టుకుని రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు.

"ఏంటిది బావగారూ!" అని సత్తెయ్య అరిచాడు.

"ష్! పువ్వుల్లో పెట్టాం, చూసుకుంటున్నాం. మీరూ కూర్చోండి" అన్నాడు ఏకాశి. అంతలో వరహాలు గట్టిగా తుమ్మింది. ఏకాశి కంగారుపడిపోయాడు. "కొండబాబూ, పిల్ల వాడిపోతోందిరా, ఇంకో చెంబుడు నీళ్ళు చల్లు!"