తులసమ్మకు చెప్పిన గుట్టు

రాణిగారి జడకు మా అవ్వల నాటి ఆదెమ్మ కట్టే మల్లెదండ సాయంత్రమైనా వాడేది కాదట. అందరూ మెచ్చుకుంటుంటే పూలశాల పెద్ద వీరభద్రయ్యకు కడుపు మండేది. "నేను కట్టింది దండ కాదా?" అని గొణిగేవాడు. ఆమె కొలువు ఊడగొట్టాలని రోజూ ఆమె పెరటి దడి వెనక నక్కేవాడు.

"వేళ్లు పుండ్లయ్యాయి తల్లీ" అని ఆదెమ్మ పెరటి తులసికోట ముందు తులసమ్మతో చెప్పుకుంటే, కొలువును తిట్టిందని రాణికి చాడీలు మోశాడు.

"ఇంకోసారి వింటే పంపించేస్తాను" అంది రాణి ఆదెమ్మతో.

ఆ సాయంత్రం దడి వెనక చెప్పులు కిర్రుమన్నాయి. ఆదెమ్మ గొంతు పెంచింది. "తల్లీ, గుట్టు నీకే చెబుతున్నా. దండ మీద బెల్లంనీళ్లు చల్లుతాను."

మర్నాడు వీరభద్రయ్య తానే దండ కట్టి, బెల్లంనీళ్లు చల్లి పంపాడు. గడియలో జడంతా చీమలు!

"ఆదెమ్మ కూడా ఇదే చల్లుతుంది! దడి వెనక నా చెవులారా విన్నాను" అన్నాడు వీరభద్రయ్య.

ఆదెమ్మ చేతులు కట్టుకుంది. "దడి వెనక మాట నమ్మి అయ్యగారు చెడ్డారు. నిన్న తమరూ నమ్మారు కదా రాణిగారూ!"

రాణి తల గోక్కుంటూనే నవ్వి, వీరభద్రయ్యను పూలశాల నుంచి పంపేసింది.

ఆ సాయంత్రం ఆదెమ్మ, అబద్ధమాడినందుకు తులసమ్మ ముందు లెంపలేసుకుంది. ఆ మాట తులసమ్మ ఒక్కతే వింది.