తీతు పెళ్ళికి నేరేడు వైను

జిల్లాలు ఇన్ని ముక్కలు కాకముందు మాట ఇది. గోదారికి ఇటువైపు, వెస్టు గోదావరి జిల్లాలో, పందిరిపాడు అని ఓ ఊరుంది. ఆ ఊళ్ళో జకరయ్య ఇల్లు తెలివికి పెట్టింది పేరు. ఆ పేరు పెట్టింది కూడా జకరయ్యే.

"మా ఇంట్లో ఒక్కొక్కరికి రెండేసి బుర్రలండి. ఒకటి మెడ మీద కనపడుద్ది, రెండోది లోపల ఉంటది" అని కనపడిన ప్రతివాడికీ చెప్పేవాడు.

"ఆయ్, నిజమేనండి. నాదైతే ఆ లోపలిది ఇంకా వాడనే లేదు, కొత్తది కొత్తగానే ఉంది" అనేది పెళ్ళాం సలోమి.

తమ్ముడు తీతుకి ఆ లోపలి బుర్ర ఎక్కడుందో ఎంత తడుముకున్నా దొరకలేదు. అయినా అన్నయ్య ఉందన్నాక ఉన్నట్టే కదా అని ఊరుకున్నాడు. పైగా వాడికి అప్పుడు వేరే బెంగ ఉంది. గోదారి అవతల ఏలియా మాష్టారి కూతురు కెజియాని గుడారాల పండగ ప్రార్థన సభల్లో ఒక్కసారి చూశాడు. అంతే, ఆ రోజు నుంచి కూరలో ఉప్పుందో లేదో తెలియడం మానేసింది.

సంబంధం మాట్లాడటానికి వెళితే మాష్టారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "మీ ఇంటి తెలివి గురించి నేనూ విన్నానయ్యా. చూద్దాం. పెళ్ళి విందుకి వైను మీ ముగ్గురే చెయ్యండి. వానలు తగ్గాక వచ్చి రుచి చూస్తాను. పని చివరిదాకా లాక్కొస్తే పిల్లనిస్తాను. మధ్యలో వదిలేస్తే వేరే సంబంధం చూసుకుంటాను."

పెరట్లో నేరేడు చెట్టు విరగ్గాసి ఉంది. వైజాగులో ఉన్న ఫిలోమినమ్మ పెద్దమ్మకి వైను చెయ్యడంలో చేయి తిరిగిన మనిషని పేరు. జకరయ్య ఆవిడకి ఫోన్ చేశాడు.

"చేత్తో పిసికి పిసికి అవస్థ పడకండిరా. ఆవిరి జూసరని దొరుకుద్ది, కొనుక్కోండి. గింజా తొక్కా పైనే ఉండిపోయి రసం ఒక్కటే దిగుద్ది" అంది పెద్దమ్మ.

అన్నదమ్ములిద్దరూ టౌనుకెళ్ళి గిన్నెల కొట్లో దూరారు. కొట్టాయన రెండు జూసర్లు ముందు పెట్టాడు. ఒకటి అల్యూమినియంది, ఇంకోటి స్టీలుది. "ఇదిగోండి, మూడంతస్తులు. కింద దాంట్లో నీళ్ళు, పైన చిల్లుల గిన్నెలో పళ్ళు, మధ్య దాంట్లోకి రసం. ఈ రబ్బరు గొట్టం తిప్పితే బయటికొచ్చేస్తుంది."

జకరయ్య రెండింట్లోకీ తల పెట్టి చూశాడు. "మరి ఆవిరేదండి? విడిగా కొనుక్కోవాలా?"

"నీళ్ళు మరిగితే అదే వస్తుందండి."

"ఎప్పుడొస్తుందో చెప్తే ఇంటి దగ్గర ఉంటాం. మా ఆవిడ పాలకెళ్ళినప్పుడు వచ్చి, ఎవరూ లేరని వెళ్ళిపోతే?"

కొట్టాయన స్టీలు జూసరు ముందుకి తోశాడు. "నేరేడు వగరు, పులుపు. అల్యూమినియం వద్దండి, రసం పాడవుద్ది. ఈ స్టీలుది కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి."

ఇంకేముంది! ఇద్దరూ గట్టిగా కళ్ళు మూసుకున్నారు. జూసరు చెరో పక్కా పట్టుకుని బయల్దేరారు. మొదట గాజుల బండిని గుద్దారు. తర్వాత మిరపకాయ బజ్జీల పిండిలో తీతు మోచెయ్యి మునిగింది. తర్వాత మెట్లెక్కి కూర్చుని "పందిరిపాడుకి రెండు టిక్కెట్లండి" అని జకరయ్య అడిగితే, "ఇది మంగలి షాపండి" అని ఎవరో చెప్పారు. తీతుకి ఒక కన్ను తెరవాలని ఎంతో అనిపించింది. కానీ కెజియా గుర్తొచ్చి రెండూ ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

మర్నాడు పెద్దమ్మ ఫోన్లో చెప్పింది. "ముందు పళ్ళు శుభ్రంగా కడగండి. పుచ్చినవి ఉంటే మొహమాటపడకుండా తీసి పారెయ్యండి."

ముగ్గురూ నూతి దగ్గర కూర్చుని వేపపుల్లలతో పళ్ళు పరపరా తోముకున్నారు. ఆ తర్వాత జకరయ్య ఒక్కొక్కరి నోరూ తెరిపించి చూశాడు. పుచ్చింది ఒక్కటే కనపడింది, తీతు పై వరసలో, సరిగ్గా నవ్వితే కనపడే చోట.

"అన్నయ్యా, పెళ్ళికొడుకుని. ఇదొక్కటీ వదిలెయ్యకూడదా?"

"ఒక్క పుచ్చుది ఉంటే వైనంతా పాడవుద్దిరా. పిల్ల కావాలా, పన్ను కావాలా?"

తీతు ఆలోచించాడు. పన్ను చిన్నప్పట్నుంచి తెలిసిందే. అయినా పిల్లే కావాలన్నాడు. అంతే, సలోమి కాళ్ళు పట్టుకుంది, జకరయ్య పట్టకారు పట్టుకున్నాడు. తీతు అరుపుకి చెట్టు మీద కాకులు లేచిపోయాయి.

మళ్ళీ ఫోన్. "పళ్ళయిపోయాయి పెద్దమ్మా."

"మంచిది. ఇప్పుడు జూసరు పొయ్యి మీద పెట్టి పళ్ళకి బాగా ఆవిరి పట్టండి."

పొయ్యి మీద నీళ్ళు మరిగాయి. ముగ్గురూ ఒకే దుప్పటి కప్పుకుని, జూసరు మీదికి వంగి, నోళ్ళు బార్లా తెరిచి కూర్చున్నారు. చెమటలు కారిపోతున్నాయి. కాసేపటికి పెద్దమ్మే ఫోన్ చేసింది.

"రసం కారుతోందా?"

"ఆరుతోంది" అన్నాడు జకరయ్య, నోరు తెరిచే.

"ఏ రంగులో ఉంది?"

"రంగేం లేదు. తీతుదొక్కటీ ఎర్రగా ఉంది."

"రంగు లేకపోవడమేంటిరా? నేరేడు పళ్ళు కదా, నల్లగా దిగాలి!"

"నేరేడు పళ్ళా? అవి బుట్టలో చక్కగా ఉన్నాయి పెద్దమ్మా, వాటినెవరూ ముట్టుకోలేదు."

అవతల నుంచి పెద్దమ్మ తిట్లు వినిపించాయి, అయితే అవి ఇక్కడ రాసే మాటలు కావు.

మొత్తానికి నేరేడు పళ్ళే జూసరెక్కాయి. గొట్టం తిప్పితే చిక్కగా, ఊదాగా రసం దిగింది. తీతుకి ప్రాణం లేచొచ్చింది. "చల్లారాక పంచదార, పులియడానికి చెంచాడు ఈస్టు కలపండి" అని చెప్పి, ఇంకేమీ అడగకముందే పెద్దమ్మ పెట్టేసింది.

"ఈస్టా? మనది వెస్టు కదే!" అన్నాడు జకరయ్య.

"గోదారి దాటితే అంతా ఈస్టే కదండి. చెంచాడే కదా అడిగింది, మరిదిని పంపండి" అంది సలోమి.

తీతు చెంచా పట్టుకుని వంతెన దాటాడు. బస్సు దిగి ఒక రిక్షా ఆయన్ని అడిగాడు. "ఇది ఈస్టేనాండి?" "ఆయ్, ఈస్టేనండి." అక్కడే వంగి చెంచాడు ఇసక తీసుకున్నాడు. తిరుగు బస్సులో చెంచా ఒలక్కుండా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పక్క సీట్లో ఎవరా అని చూస్తే కెజియా! కొవ్వూరులో మేనత్త ఇంటికి వెళుతోంది. తీతు చటుక్కున పెదాలు మూసి పన్ను సందు దాచుకున్నాడు.

"చెంచాలో ఏంటండి?"

"ఈస్టండి. వైనులోకి."

కెజియా బాగా ఆలోచించింది. "మరి వంతెన దాటాక అది వెస్టు అయిపోదాండి?"

తీతు చెంచా వంక చూసుకున్నాడు. ఇంత తెలివైన ప్రశ్న వాళ్ళింట్లోనే ఎవరూ వెయ్యలేదు. "మరెలాగండి?"

"మీరు బస్సులో ఈస్టు వైపే నిలబడండి" అంది కెజియా. తీతు వెనక్కి వెనక్కి నడిచి, బస్సు చివరి కిటికీకి ఆనుకుని, చెంచా బయటికి చాపి ఇల్లు చేరాడు. చెంచాలో నాలుగు రేణువులు మిగిలాయి. అవే కలిపారు.

అప్పుడు పెద్దమ్మ మనసు కరిగి మళ్ళీ ఫోన్ చేసింది. "జాడీలో పోశారా? ఇప్పుడు మూతికి గుడ్డ కట్టండి. మరీ బిగించకండి, లోపలి గాలి బయటికి రావాలి. రోజూ ఓ కంట కనిపెట్టి ఉండండి."

ఇంకేముంది! ముగ్గురూ మూతులకి తువ్వాళ్ళు కట్టుకున్నారు. ఊపిరాడేలా కాస్త వదులుగా. జాడీ చుట్టూ కూర్చుని తలో కన్నూ మూసి, రెండో కంటితో దాన్నే చూడసాగారు. అన్నం ముద్దలు గుడ్డ కిందనుంచి తోసుకునేవాళ్ళు. ఓ రోజు పాస్టరు గారు వచ్చి, ఆ ఒంటి కళ్ళూ కట్టిన మూతులూ చూసి, ఇదేదో అంటుకునే జబ్బనుకుని గుమ్మంలోంచే ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. టీ కూడా తాగలేదు.

పెద్దమ్మ ఫోన్ చేసేది. "బుడగలొస్తున్నాయా?"

"ఊఁ."

"ఘాటు వాసనొస్తోందా?"

"ఊఁ ఊఁ."

"మూతి మాత్రం విప్పకండి."

"ఊఁ!"

"ఇన్నాళ్ళకి ఎదురు ప్రశ్న వెయ్యకుండా విన్నార్రా, నా తండ్రులే!" అని ఆవిడ కళ్ళొత్తుకునేది.

వానలు తగ్గాయి. వైను ఎలా పులిసిందో ఆ నేరేడుకే తెలియాలి గానీ, పులిసింది. ఇల్లంతా ఘుమఘుమ. "ఇంక వడగట్టి సీసాల్లోకి, గొంతు దాకా పొయ్యండి" అంది పెద్దమ్మ.

ముందు సీసాల్లోకి పోశారు. ఆ తర్వాత గొంతు దాకా పోశారు. జకరయ్య గొంతు పెద్దది, నాలుగు సీసాలు పట్టింది. సలోమి మూడో సీసాకి అటక మీద కూర్చుని కీర్తనలు పాడింది. జకరయ్య జూసరుని "మాష్టారూ, మీరొప్పుకోవాలి" అని కావలించుకుని ఏడ్చాడు. తీతు మాత్రం ఒక సీసా తాగి ఆగిపోయాడు. ఇంకా గొంతు దాకా రాలేదని వాడికీ తెలుసు. కానీ చెయ్యి ముందుకి పోలేదు. మిగిలిన ఆఖరి సీసాని కెజియా పేరు చెప్పి గుండెకి హత్తుకుని పడుకున్నాడు.

తెల్లారితే ఏలియా మాష్టారు, కెజియా వస్తున్నారని కబురు. తీతు పెద్దమ్మకి తనే ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, ఒక్క సీసానే మిగిలింది. వచ్చేవాళ్ళు ఇద్దరు. ఎలాగే?"

"దానికి ఏడుపెందుకురా, సరిపోద్ది. మర్యాదగా కుర్చీల్లో కూర్చోబెట్టి, తలా కాస్త పొయ్యి. ఒక్కసారే గుమ్మరించకు, నెమ్మదిగా."

తీతు ఊపిరి పీల్చుకున్నాడు. ఎంత తేలిక!

వాళ్ళు వచ్చారు. మాష్టారు ఇస్త్రీ మడత నలగని తెల్ల లాల్చీలో వచ్చాడు. కుర్చీలో కూర్చుని, "ఏదయ్యా, రుచి చూపించు" అన్నాడు. తీతు వెనగ్గా వెళ్ళి, సీసా మూత తీసి, మాష్టారి బట్టతల మీద నెమ్మదిగా, ఎంతో మర్యాదగా పొయ్యడం మొదలెట్టాడు. ఊదారంగు ధార కళ్ళజోడు మీంచి జారి లాల్చీలోకి దిగింది. కెజియా జడ పక్కకి తీసుకుని, తన వంతు కోసం తల వంచుకుని కూర్చుంది. తీతు ఆమెకీ కాస్త పోశాడు.

"ఒరే!" అని మాష్టారు ఒక్క ఉదుటున లేచాడు. ఆ లేవడంలో మీసం మీది చుక్క నోట్లోకి పోయింది. ఆగాడు. మీసం రెండో కొసని నాలికతో అందుకున్నాడు. "ఇది... మీరే చేశారా?"

"ఆయ్, మేమేనండి."

"చివరిదాకా?"

"చివరి చుక్క దాకానండి" అని తీతు సీసా తలకిందులు చేసి చూపించాడు. అప్పుడే నవ్వాడు, పన్ను సందు కనపడేలా. "దీనికోసం ఇదొకటి పీకించుకున్నానండి."

మాష్టారు కూతురి వైపు చూశాడు. కెజియా నుదుటి మీంచి జారే వైనుని దోసిట్లో పట్టి, ఒక్క చుక్క కింద పడనివ్వకుండా తాగుతూ కిలకిలా నవ్వుతోంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెద్దగా నిట్టూర్చాడు. "దీనికి సరైన జోడీ ఈ భూమ్మీద ఇంకోడు దొరకడు. పిల్లనిచ్చాను. కానీ ఒక్క మాట. తల్లి లేని పిల్లని అల్లారుముద్దుగా పెంచాను. కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకోవాలి."

"ఎప్పట్నుంచండి?"

"ఇప్పట్నుంచే అనుకో."

అంతే! అన్నదమ్ములిద్దరూ కెజియాని కుర్చీతో సహా పైకెత్తేశారు. సలోమి పరిగెత్తుకొచ్చి వేలాడే కాళ్ళకింద చేతులు పట్టింది. జకరయ్య మెడ నరాలు ఉబ్బాయి. తీతు మోకాళ్ళు టకటకలాడాయి.

"పెళ్ళెప్పుడు పెట్టుకుందామండి మాష్టారూ?" అన్నాడు తీతు, పంటి బిగువున.

"వచ్చే నెల్లో పెట్టుకుందాం గానీ, ముందు దాన్ని దించండ్రా!"

"అమ్మో, దించితే మాట పోతుంది నాన్నా!" అని కెజియా పైనుంచి కంగారుగా కాళ్ళు ఇంకా పైకి ముడుచుకుంది. ఆ తర్వాత వంగి, చెమటలు కక్కుతున్న తీతుతో మెల్లిగా అంది. "వచ్చే నెలేనంటండి. నేను అటూ ఇటూ కదలకుండా కూర్చుంటాలెండి."