దిమ్మ మీద లేని రాజు

పూర్వం ఒక రాజ్యం ఉండేది. పేరెందుకులెండి, రాజు మారినప్పుడల్లా అదీ మారేది. కొత్త రాజు కీర్తిధవళుడు గద్దెనెక్కగానే కూడలిలోని పాత రాజు విగ్రహాన్ని శిల్పి ఓబులేసు చేత తీయించాడు. దిమ్మ మిగిలింది. ఇక దారిన పోయే ప్రతివాడూ ఆగి, "ఇక్కడ ఎవరుండేవారు?" అని అడగడం, తెలిసినవాళ్లు పాత రాజు కథంతా చెప్పడం!

రాజు మండిపడి ఓబులేసును పిలిపించాడు. "నెల తిరిగేలోగా జనం వాణ్ణి మరిచిపోవాలి. లేదా నీ తల ఉండదు."

ఓబులేసు మెడ తడుముకున్నాడు. "అయితే విగ్రహాన్ని మళ్లీ నిలబెట్టాలి ప్రభూ."

"పిచ్చా నీకు?"

"దాన్ని చెక్కింది నేనే. ముక్కు వంకరపోయింది, ఎవరు తిడతారోనని ఇరవై ఏళ్లు వణికాను. ఒక్కడైనా తలెత్తి చూస్తే కదా! దాని నీడలోనే రోజూ కూరలు బేరమాడే మా ఆడది, 'ఎవరయ్యా ఈ పెద్దమనిషి?' అని నన్నే అడిగింది."

రాజుకు నవ్వాగలేదు. విగ్రహం తిరిగి దిమ్మెక్కింది. వారంలో పాత రాజు ఊసే లేదు.

రాజు పొంగిపోయాడు. "భేష్! పక్కనే నా విగ్రహం కూడా చెక్కు."

ఓబులేసు చేతులు కట్టుకున్నాడు. "చిత్తం ప్రభూ. తమరిని జనం ఎప్పటికల్లా మరిచిపోవాలో సెలవివ్వండి."